ఆర్మీ ఆఫీసర్ ట్రైనింగ్‌ని మా అమ్మాయి తట్టుకోగలదా?

"మా అమ్మాయి డిగ్రీ ఫైనల్ ఇయర్, సీడీఎస్ (సైన్యంలో ఆఫీసర్ల ఎంపికకి యూపీఎస్సీ పెట్టే పరీక్ష) రాస్తానంటోంది, చెన్నైలో ట్రైనింగ్ తట్టుకోగలదా?" అని అడిగారు. తప్పకుండా తట్టుకుంటుందండీ. మల్కాజిగిరి నుంచి వెళ్ళి, అక్కడి ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో దాదాపు 11 నెలలు ఉండి, భుజాల మీద రెండేసి నక్షత్రాలతో బయటికొచ్చాను. 1992 నుంచీ అక్కడ ఆడపిల్లలు ట్రైనింగ్ అవుతూనే ఉన్నారు. మీరు అడగాల్సింది వేరే ఉంది. అమ్మాయికి ఈత వచ్చా?

అందరూ పరుగు గురించే భయపడతారు. పరుగు రెండు నెలల్లో దానంతటదే వస్తుంది. నాకు మాత్రం ట్యాంక్‌బండ్ మీద నుంచి చూడ్డం తప్ప నీళ్ళతో పరిచయమే లేదు. ఎత్తైన బోర్డు మీద నుంచి పూల్లోకి దూకాల్సిన రోజు ఇంకా గుర్తుంది. తడి ఇనుప మెట్లు, బోర్డు అంచుకి కరుచుకుపోయిన కాలివేళ్ళు, కింద మాకు ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ కేక. మూడుసార్లు ఎక్కాను, మూడుసార్లూ దిగొచ్చేశాను. దిగిన ప్రతిసారీ లైన్‌లో చివరికి వెళ్ళాలి. నా కోసం మిగతావాళ్ళంతా తడిబట్టల్లో, టిఫిన్ లేకుండా నిలబడ్డారు. ఒక్కరూ విసుక్కోలేదు. అదే నన్ను ఎక్కువ కోసేసింది. నాలుగోసారి ఉస్తాద్ గొంతు తగ్గించి, "కిందికి చూడకు బేటా, ఎదురుగా ఆ చెట్టుని చూడు" అన్నారు. చెట్టుని చూస్తూ అడుగేశాను. ముక్కునిండా క్లోరిన్ నీళ్ళు. పైకి తేలి గట్టు పట్టుకునేసరికి అందరూ చప్పట్లు కొట్టి, వెంటనే మెస్ వైపు పరుగెత్తారు.

ఇప్పటికీ నాకు కోపం నేను చదివిన ఇంటర్ కాలేజీ మీదే. రెండేళ్ళు ఓ అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగ్‌లో పెట్టి, పొద్దున్నుంచి రాత్రిదాకా చదివించారు. గ్రౌండ్ లేదు. ఆర్కిమెడిస్ సూత్రం మీద లెక్కలు లెక్కలేనన్ని చేయించారు, ఒక్కరోజు నీళ్ళలో దించలేదు. మన పిల్లలు వెనకబడేది ఇంగ్లీషు వల్ల కాదు, ఆటల్లేకుండా పెరగడం వల్లే. సీడీఎస్ రాతపరీక్ష పాసయ్యాక జరిగే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ కోచింగ్‌ల సంగతీ అంతే. అందులో 60 పదాలిచ్చి, ఒక్కో పదం చూసి 15 సెకన్లలో వాక్యం రాయమనే పరీక్షకి రెడీమేడ్ వాక్యాలు బట్టీ పట్టిస్తారు. ఐదు రోజులు పొద్దస్తమానం గమనించేవాళ్ళ ముందు ఆ బట్టీ నిలవదు.

అందుకే ఈ వేసవిలోనే అమ్మాయిని దగ్గర్లోని జీహెచ్ఎంసీ పూల్‌లో చేర్పించండి. నల్లబడిపోతుందని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు, మా అమ్మమ్మా అంది. వినొద్దు. నీళ్ళలో తల ముంచి, కంగారు పడకుండా ముక్కుతో గాలి వదలడం ముందు నేర్పమని కోచ్‌కి చెప్పండి. మిగతా స్ట్రోక్‌లన్నీ ఆ తర్వాతే.