ఎకనామిక్స్ ఆనర్స్ చేద్దామనుకుంటున్న మా మేనకోడలికి

చిట్టీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. థర్డ్ ఇయర్ అయిపోవస్తోంది, ఫ్రెండ్సంతా బిగ్ ఫోర్ అకౌంటింగ్ కంపెనీల్లో ఆఫర్లు తెచ్చుకుంటున్నారు, లెక్చరరేమో ఆనర్స్‌కి అప్లై చెయ్యమంటున్నాడు, నాన్నేమో "ఇంకో ఏడాది చదివినా డిగ్రీ డిగ్రీయేగా, అదేదో మాస్టర్స్ చేస్తే పోలా" అంటున్నాడు, ఏం చెయ్యమంటావ్ అత్తా అని. ఇది ఫోన్లో తేలే విషయం కాదులే అని తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా, పొడుగైపోతే తిట్టుకోకు.

ముందు మా అన్నయ్య డౌట్ తీర్చేస్తా. మన దగ్గర బీఏ ఆనర్స్ అంటే ఇంటర్ అవగానే చేరిపోయే డిగ్రీ కాబట్టి ఆయన లెక్క ఆయనకి కరెక్టే. ఆస్ట్రేలియాలో అలా కాదు, మూడేళ్ళ బీకామ్ చేతికొచ్చాక, ఎకనామిక్స్ సబ్జెక్టుల్లో యావరేజ్ 70, 75 పైన ఉన్నవాళ్ళని ఏరుకుని (కటాఫ్ యూనివర్సిటీని బట్టి మారుతుందిలే) విడిగా నడిపే ఏడాది ఇది. ఇక్కడి క్వాలిఫికేషన్స్ ఫ్రేమ్‌వర్క్‌లో బ్యాచిలర్స్ ఏడో లెవెల్, ఆనర్స్ ఎనిమిది, మాస్టర్స్ తొమ్మిది, అంటే రెండింటికీ మధ్యలో అన్నమాట. మాస్టర్స్‌కి సమానం అని మాత్రం ఎక్కడా చెప్పుకోకు. రేపు ఎవరైనా ఇండియా వెళ్ళి ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కో ఆర్‌బీఐలో ఎకనామిస్ట్ పోస్టులకో రాద్దామనుకుంటే అక్కడ పీజీ అడుగుతారు, ఈ ఒక్క ఏడాది చూపిస్తే సరిపోదు. నీకు ఆ ప్లాన్ లేదని తెలుసు, కానీ మీ బ్యాచ్‌లో హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలుంటారు కదా, వాళ్ళకి చెప్పు.

సరే, లోపల ఏముంటుంది అంటే, ఫస్ట్ సెమిస్టర్ మొత్తం మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్ (డేటాతో లెక్కలు తేల్చేది), మళ్ళీ అవే మూడు. ఈ పేర్లు చూసి ఇవన్నీ చదివేశాంగా అనుకుంటారు పిల్లలు, రెండో వారానికి తత్వం బోధపడుతుంది. సెకండ్ ఇయర్‌లో డిమాండ్ కర్వ్ గీసి కిందకి వాలుతుంది అంటే ఒప్పుకున్నారు, ఇక్కడ ఎందుకు వాలాలి, ఏ షరతులు పెడితే వాలుతుంది, ఏది తీసేస్తే వాలదు అని ప్రూఫ్ రాయమంటారు. మాక్రోలో బెల్‌మన్ ఈక్వేషన్ (ఇవాళ్టి నిర్ణయాన్ని రేపటితో ముడిపెట్టే సమీకరణం), ఎకనామెట్రిక్స్‌లో అంతా మ్యాట్రిక్సులు. నిన్ను భయపెట్టడానికి కాదు, ఇప్పుడు నవంబర్‌లో ఎగ్జామ్స్ అయ్యాక మార్చిలో క్లాసులు మొదలయ్యేదాకా దొరికే టైమ్‌లో లీనియర్ ఆల్జీబ్రా, కన్‌స్ట్రెయిన్డ్ ఆప్టిమైజేషన్ (షరతులకి లోబడి బెస్ట్ ఏదో తేల్చే లెక్కలు) మళ్ళీ ఒకసారి చెయ్యి, రోజుకో గంట చాలు. ప్రాబ్లమ్ సెట్లు ఒక్కదానివే కూర్చుని చెయ్యకు, అది పట్టుదల కాదు మొండితనం. ఎలాగూ చిన్న బ్యాచ్, చాలా డిపార్ట్‌మెంట్లలో ఆనర్స్ పిల్లలకి ఒక రూమ్ కూడా ఇస్తారు, ఇంట్లో కాకుండా అక్కడ కూర్చో. బోర్డు మీద ఇంకొకళ్ళకి చెప్పేటప్పుడే నీకేది అర్థం కాలేదో బయటపడుతుంది.

కోర్స్‌వర్క్ ఎలాగోలా గట్టెక్కుతారు అందరూ. ఏడాదిని నిలబెట్టేదీ ముంచేదీ థీసిస్సే, నేను అసలు చెప్పాలనుకున్నదీ దాని గురించే.

పది పదిహేను వేల పదాలుంటుంది, యూనివర్సిటీని బట్టి, అక్టోబర్ చివరికో నవంబర్ మొదట్లోనో ఇచ్చెయ్యాలి. తెలివైన పిల్లలు బోల్తా కొట్టేది రాయడం దగ్గర కాదు, ప్రశ్న ఎంచుకోవడం దగ్గర. "ఆస్ట్రేలియా ఇళ్ళ రేట్ల మీద వలసల ప్రభావం" అని మొదలెడతారు. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, జనం వచ్చి రేట్లు పెరిగాయా, ఉద్యోగాలు పెరిగి రెండూ కలిసి పెరిగాయా, వడ్డీ తగ్గి పెరిగాయా, ఎనిమిది నెలల్లో ఏం విడదీస్తావు నువ్వు? ఆగస్టు వచ్చేసరికి నాలుగు గ్రాఫులు, బోలెడు సాకులు మిగులుతాయి.

మంచి ప్రశ్న ఎలా ఉంటుందో చెప్తా. 2004 మే బడ్జెట్‌లో అప్పటి ట్రెజరర్, అంటే ఇక్కడి ఆర్థిక మంత్రి, పీటర్ కాస్టెలో బేబీ బోనస్ ప్రకటించాడు, జూలై 1 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకీ 3000 డాలర్లు, జూన్ 30 రాత్రి పుడితే ఆ డబ్బు లేదు. ప్రకటనకీ అమలుకీ మధ్య ఏడు వారాలు, అప్పటికే నెలలు నిండుతున్న తల్లులు ఎంతమందో. జాషువా గాన్స్, ఆండ్రూ లీ అని ఇద్దరు ఎకనామిస్టులు (లీ ఇప్పుడు ఎంపీ) రోజువారీ జననాల లెక్క తీసి చూశారు. జూన్ ఆఖర్లో గుంట, జూలై 1న కొండ, అంతకు ముందు ముప్పై ఏళ్ళలో ఏ ఒక్క రోజూ అంతమంది పుట్టలేదు. వెయ్యికి పైగా కాన్పులు జూలైకి జరిగాయని అంచనా కట్టారు, అదీ ఎక్కువగా సిజేరియన్లు, మందులిచ్చి నొప్పులు తెప్పించే కాన్పులు వాయిదా వెయ్యడం వల్ల. మనవాళ్ళు ముహూర్తం చూసుకుని సిజేరియన్ పెట్టించుకోవడం నీకు తెలిసిందేగా, వీళ్ళకి ముహూర్తం పెట్టింది ట్రెజరర్.

ఇందులో చూడాల్సింది ఏంటంటే, "బేబీ బోనస్ వల్ల జనాభా పెరిగిందా" అని వాళ్ళు అడగలేదు, అది చాలా కష్టం, అదే టైమ్‌లో వేరేవి కూడా మారుతుంటాయి. "ఈ తేదీ వల్ల కాన్పులు కొన్ని రోజులు అటు జరిగాయా" అని అడిగారు, అంతే. చిన్న ప్రశ్న, ఒకే ఒక్క గీత, గీతకి ఇవతల ఉన్నవాళ్ళకీ అవతల ఉన్నవాళ్ళకీ వేరే తేడా పెద్దగా లేదు. అలా అని జూలై 1 కొండని చూడగానే గంతెయ్యలేదు, అది గురువారం, శనాదివారాల్లో సిజేరియన్లు తక్కువ పెడతారు కాబట్టి వారంలో ఏ రోజు అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి, వేరే ఏళ్ళలో జూన్ చివర, జూలై మొదట్లో ఎలా ఉండేదో పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలి. ఆనర్స్‌లో నేర్పేది ఇదే చిట్టీ. ఇది జరిగింది, దాని తర్వాత అది జరిగింది అని అందరూ చెప్తారు, ఇది జరక్కపోయి ఉంటే అది ఎలా ఉండేది అని అడగడం, దానికి నమ్మదగ్గ పోలిక వెతకడం.

కాబట్టి ఫిబ్రవరి లోపు ఇలాంటి గీతలు నాలుగైదు రాసుకో, ఏదో రూల్ మారిన తేదీ, ఒక రాష్ట్రంలో ఉండి పక్క రాష్ట్రంలో లేని స్కీమ్, వయసు కటాఫ్, ఇన్‌కమ్ కటాఫ్. నాలుగిట్లో మూడు డేటా దొరక్క పోతాయి, పోనీ. డేటా దొరుకుతుందని చేతిలోకి వచ్చేదాకా నమ్మకు. ఇక్కడ చాలామంది వాడే హిల్డా సర్వే ఉంది కదా, 2001 నుంచి అవే కుటుంబాలని ఏటేటా అడుగుతూ వస్తున్నారు, బంగారం లాంటి డేటా, కానీ దానికి అప్లికేషన్ పెట్టాలి, షరతుల మీద సంతకాలు చెయ్యాలి, పర్మిషన్ రావడానికి టైమ్ పడుతుంది, సో టాపిక్ ఖాయమయ్యే దాకా ఆగకుండా ముందే పెట్టెయ్యి.

డేటా వచ్చాక ఇంకో భాగోతం. హిల్డాలో చెప్పను అన్నవాళ్ళు, తెలీదు అన్నవాళ్ళు, అసలు అడగనివాళ్ళు అందరికీ మైనస్ నంబర్లు కోడ్‌గా వేస్తారు, వాటిని తీసెయ్యకుండా జీతం యావరేజ్ తీస్తే మైనస్ నాలుగు డాలర్ల జీతగాళ్ళు కూడా లెక్కలో పడతారు. సరే అని వాటిని మిస్సింగ్‌గా మారుస్తావా, అప్పుడు స్టాటా (మనం లెక్కలకి వాడే సాఫ్ట్‌వేర్) ఇంకో దెబ్బ కొడుతుంది, దాని దృష్టిలో మిస్సింగ్ అంటే అన్ని నంబర్ల కన్నా పెద్దది. జీతం లక్ష పైన ఉన్నవాళ్ళని వేరు చెయ్యి అని రాస్తే, జీతం చెప్పనివాళ్ళంతా కోటీశ్వరుల లిస్టులోకి చేరిపోతారు, ఎర్రర్ రాదు, రిజల్ట్ చక్కగా వస్తుంది, నమ్మదగ్గదని చూపించే స్టార్లతో సహా. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లల కోడ్ చూసేటప్పుడు నేను మొదట వెతికేది ఇదే. ఎక్సెల్‌లో చేత్తో ఏదీ మార్చకు, ప్రతి స్టెప్ డూ-ఫైల్లో (స్టాటా కమాండ్లు రాసుకునే ఫైల్లో) ఉండాలి, రెండు ఫైళ్ళు కలిపిన ప్రతిసారీ వరసలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకో.

గైడ్ సంగతి. పేరున్న ప్రొఫెసర్ వెనకాల పడకు. నువ్వు పంపింది చదివి తిరిగి పంపేవాళ్ళు కావాలి నీకు, అది ఎవరో పోయినేడాది ఆనర్స్ చేసినవాళ్ళని అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేస్తారు. గైడ్‌ని సెకండ్ సెమిస్టర్ లీవ్ ప్లాన్ కూడా అడుగు, మొహమాటపడకు, సెప్టెంబర్‌లో ఆయన సబాటికల్‌లో (రీసెర్చ్ సెలవులో) యూరప్‌లో ఉంటే నీ గతి ఏంటి. కలిసే ముందు రోజు ఒకటి రెండు పేజీలు రాసి పంపు, చెత్తగా ఉన్నా సరే, ఉత్త చేతుల్తో వెళ్తే ఉత్త కబుర్లే అవుతాయి.

ఇక దీనివల్ల వచ్చేదేంటి అని కదా అన్నయ్య బాధ. ఇక్కడి ట్రెజరీ (ఆర్థిక శాఖ), రిజర్వ్ బ్యాంక్, ప్రొడక్టివిటీ కమిషన్, ఏసీసీసీ (కంపెనీల పోటీ, వినియోగదారుల సంగతి చూసే సంస్థ), బ్యూరో ఆఫ్ స్టాటిస్టిక్స్, వీళ్ళు ఎకనామిస్టుల్ని తీసుకునేటప్పుడు ఆనర్స్ అంటే విలువిస్తారు, రీసెర్చ్ పని మొదలుపెట్టి పూర్తి చేసిన మనిషి అని దానర్థం. ఇప్పుడు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ మిషెల్ బుల్లక్‌నే తీసుకో, ఆర్మిడేల్‌లో యూనివర్సిటీ ఆఫ్ న్యూ ఇంగ్లండ్‌లో ఎకనామిక్స్ ఆనర్స్ చేసి, 1985లో బ్యాంకులో చేరి, తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో మాస్టర్స్ చేసి, 2023 సెప్టెంబర్‌లో ఆ కుర్చీ ఎక్కిన మొదటి ఆడమనిషి అయింది. పేరు మోసిన యూనివర్సిటీ కాకపోతే ఎలా అని నువ్వు బెంగ పెట్టుకున్నావు చూడు, దానికోసం చెప్తున్నా.

ఒక్క మెలిక ఉంది, ఇది చాలామంది పిల్లలు కనిపెట్టేసరికి లేటైపోతుంది: ఆనర్స్ అయ్యాక చేరే ఉద్యోగాలకి గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్ అప్లికేషన్లు ఆనర్స్ ఏడాది ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లోనే అయిపోతాయి, అంటే ఆనర్స్ మార్కు ఒక్కటి కూడా రాకముందే. కాబట్టి సీవీ క్రిస్మస్ సెలవుల్లోనే రెడీ పెట్టుకో, మొదటి ప్రాబ్లమ్ సెట్ రాగానే దాని మీద కూర్చునే ఓపిక ఉండదు. నీకు సిటిజన్‌షిప్ ఉంది కాబట్టి దారి తెరిచి ఉంది, స్టూడెంట్ వీసా మీద ఉన్న మీ ఫ్రెండ్‌కి ట్రెజరీ లాంటి ప్రభుత్వ ఉద్యోగాలు మామూలుగా కుదరవు, అక్కడ సిటిజన్‌షిప్ అడుగుతారు. ఆ అమ్మాయి ఫుల్ ఫీజు కట్టి చేరే ముందు కన్సల్టింగ్, బ్యాంకులు, పీహెచ్‌డీ, వీటిల్లో ఏదైనా నిజంగా కావాలా అని లెక్క చూసుకోవాలి, మొహమాటానికి నువ్వు చేరుతున్నావని చేరకూడదు.

పీహెచ్‌డీ వైపు వెళ్ళాలంటే మాత్రం ఫస్ట్ క్లాస్ కావాలి, చాలా చోట్ల అది 80 పైన. 79కీ 80కీ మధ్య స్కాలర్‌షిప్ ఉంటుంది, అన్యాయంగా అనిపిస్తుంది గానీ ఉన్నది అంతే. అమెరికా వైపు చూస్తే ఇంకా మ్యాథ్స్ కావాలి, రియల్ అనాలిసిస్ లాంటివి, అది వేరే ఉత్తరం.

ఎవరు చెయ్యకూడదో కూడా చెప్తా. ఉద్యోగం వెతుక్కోవడం వాయిదా వెయ్యడానికి చేసేవాళ్ళు, మార్కులొచ్చాయి కదా ఊరికే పోనివ్వడమెందుకు అని చేసేవాళ్ళు. ఈ ఏడాదిలో జూన్ నుంచి నీకు టైమ్ టేబుల్ చెప్పేవాళ్ళుండరు, సరైన జవాబు వెనక పేజీల్లో ఉండదు, రెండు నెలలు చేసిన పనిలో రిజల్ట్ సున్నా అని రావొచ్చు (సున్నా కూడా రిజల్టే, సరిగ్గా చేసి ఉంటే మార్కులు పోవు). అది తలుచుకుంటే కాస్త ఉత్సాహం వస్తే చేరు, కడుపులో తిప్పితే బిగ్ ఫోర్‌లో చేరిపో, అదేం తక్కువ పని కాదు, అన్నయ్య కూడా హాయిగా నిద్రపోతాడు.

ఈ వారంలో ఇద్దరు లెక్చరర్లకి మెయిల్ పెట్టు, ఒకళ్ళు లేబర్ ఎకనామిక్స్, ఒకళ్ళు హెల్త్ ఎకనామిక్స్ చేసేవాళ్ళయితే నీకు నప్పుతుంది. నీ ఎకనామెట్రిక్స్ సబ్జెక్టులో ఏమేం చెప్పారో ఆ అవుట్‌లైన్ నాకు పంపు, ఎక్కడ గ్యాప్ ఉందో చూస్తా. అన్నయ్యతో నేను ఆదివారం మాట్లాడతా, నువ్వు ఈలోపు వదినతో ఏమీ వాదించకు.

అత్త, కాన్‌బెర్రా నుంచి