పది రోజుల లెక్క తోడేలుకు వర్తించదు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. సోమవారం ఫోనులో నేను గట్టిగా మాట్లాడినందుకు నొచ్చుకున్నావని అక్క చెప్పింది. అది కోపం కాదు నాయనా, భయం. పాప చేతికి మీ మంద కుక్కకు తోడేలు వల్ల పుట్టిన కూన పన్ను దిగి నెత్తురు వచ్చిందని, "కూనను కట్టేశాను మామా, పది రోజులు చూద్దాం" అని నువ్వు అనగానే నా కాళ్ళలో సత్తువ పోయింది. నువ్వు వెంటనే పాపను ఆసుపత్రికి తీసుకెళ్ళి మొదటి సూది వేయించావు, సంతోషం. ఎందుకంత తొందరపెట్టానో ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను. అక్క రేపు కళ్యాణదుర్గం బస్సెక్కుతోంది, ఆమె చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

కరిచిన కుక్కను పది రోజులు గమనించే లెక్క నా దగ్గర విన్నదే కదా. దాని వెనుక ఉన్న కారణం కూడా నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. రేబిస్ విషం కాటు పడిన చోటి నుంచి నరాల వెంట మెదడుకు పాకి, అక్కడి నుంచి చొల్లులోకి దిగుతుంది. కుక్కకైనా పిల్లికైనా అది చొల్లులోకి వచ్చిన కొద్ది రోజులకే జబ్బు బయటపడుతుంది, ఆపైన చావు. కాబట్టి కరిచిన కుక్క పదో రోజున కూడా తిండి తింటూ తోక ఊపుతూ ఉంటే, కరిచిన నాడు దాని చొల్లులో విషం లేదని అర్థం. ఎన్నో ఏళ్ళ పరీక్షల మీద తేలిన సంగతి ఇది. ఆ పది రోజులూ చేతులు కట్టుకుని కూర్చోమని కూడా కాదు. సూదులు మొదలుపెట్టి కుక్కను గమనించాలి, అది బాగుంటే మిగతావి ఆపే విషయం డాక్టరు చెబుతారు.

తోడేలుకు, నక్కకు, ముంగిసకు ఆ లెక్క ఎవరూ తేల్చలేదు. జబ్బు కనబడక ముందు ఎన్నాళ్ళు వాటి చొల్లులో విషం ఉంటుందో నమ్మకంగా చెప్పే ఆధారం లేదు. అందుకే మన దేశపు వైద్య నియమాల ప్రకారం అడవి జంతువు ఏది కరిచినా, గాయం చిన్నదైనా, మూడో తరగతి కింద, అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన కాటుగానే చూస్తారు. నీ మంద కుక్కకు తోడేలు వల్ల పుట్టిన కూన ఏ లెక్కలోకి వస్తుంది? దాన్ని తోడేలు లెక్కలోనే వేసుకో. సగం రక్తం కుక్కదే కదా అని ధైర్యపడవద్దు.

అది నిజంగా తోడేలు పిల్లేనా అని అక్కకు అనుమానం. పచ్చని కళ్ళు, పొడుగాటి కాళ్ళు చూసి తేల్చలేం కానీ, ఇది జరగని పని మాత్రం కాదు. పుణె దగ్గరి గడ్డి భూముల్లో తోడేలుకూ కుక్కకూ పుట్టిన జంతువును జన్యు పరీక్షతో నిర్ధారించి శాస్త్రవేత్తలు 2023లో ప్రకటించారు. మన వైపు బీళ్ళూ అలాంటివే, కాపరుల కుక్కలూ అలాంటివే.

కూనకు టీకా వేయించవచ్చా అని అడిగావు. వేయించు, నష్టం లేదు. కానీ మనం కుక్కలకు వేసే టీకా కుక్కల మీద పరీక్షించి ఒప్పుకున్నది. సంకర జంతువులో అది ఎంతవరకు నిలుస్తుందో అలా పరీక్షించి చూసినవారు లేరు. టీకా చీటీ ఉంది కదా అని పిల్లలను దానితో ఆడుకోనివ్వకు. అసలు దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నాకు ఇష్టం లేదు. తోడేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువు, ఆ సంగతి కూడా చూసుకోవాలి. అటవీ శాఖ వారికి ఉన్నది ఉన్నట్టు చెప్పు, వాళ్ళు చెప్పినట్టు చెయ్యి.

ఇక నక్క కరిచిన గొర్రె సంగతి. ఆకలి మీద వచ్చిన తోడేలు గొర్రెను ఎత్తుకుపోతుంది. పిచ్చిపట్టినది కరుస్తుంది, వదిలేస్తుంది, ఇంకోదాని మీద పడుతుంది, తినదు. పట్టపగలు మనిషికి జంకకుండా నడిచొచ్చే నక్కను చూసి మచ్చికైందని మురిసేవాళ్ళున్నారు. దానికన్నా ప్రమాదం లేదు. నీ గొర్రెను కరిచి వదిలేసి పోయింది కాబట్టి నాకు అనుమానంగానే ఉంది. చేతులకు తొడుగులు వేసుకుని గాయాన్ని సబ్బునీళ్ళతో బాగా కడుగు. పశువైద్యశాలలో 0, 3, 7, 14, 28 రోజుల లెక్కన (0 అంటే మొదటి సూది రోజు) సూదులు వేయించు. విడిగా కట్టి ఆరు నెలలు దాని మీద ఒక కన్నేసి ఉంచు. అమ్మవద్దు, కోయవద్దు. నడవలేని పశువు ఉంటే 1962 నంబరుకు ఫోను చేస్తే పశువైద్య వాహనం మంద దగ్గరికే వస్తుంది.

పశువుల్లో ఈ జబ్బు ఎలా మోసం చేస్తుందో నాకు చేతితో తెలిసింది. 1984లో, పశువైద్యశాల ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక రైతు పరుగున వచ్చాడు. ఆవు మేత మానేసింది, చొల్లు తీగలుగా కారుతోంది, గొంతులో ఏదో అడ్డుపడిందని అన్నాడు. నేనూ అదే అనుకుని నోరు తెరిపించి మోచేతి దాకా లోపలికి పెట్టి వెతికాను. గరుకు నాలుక తగిలింది తప్ప ఏమీ లేదు. చెయ్యి తీస్తున్నప్పుడు దవడ పంటి అంచు మణికట్టును గీసింది. ఆవు బొంగురు గొంతుతో ఆగకుండా అరుస్తూనే ఉంది. ఆ అరుపు విని గ్రహించాల్సింది, గ్రహించలేదు. మూడో రోజు అది చచ్చిపోయింది. మెదడు పరీక్షలో రేబిస్‌కు గుర్తైన నెగ్రి కణికలు కనబడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆ రైతుకు, నెల కిందట చేనిగట్టున నక్క ఆవు మూతిని కొరికిందని. గొర్రె మెదడు నుంచి చేసిన మందు, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు నాకూ, ఆ ఇంట్లో మరో ముగ్గురికీ. ఆ మందు తయారీ 2005 నాటికి మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు చేతి చర్మంలో వేసే చిన్న సూదులే. అయినా పల్లెల్లో ఆ బొడ్డు సూదుల భయం ఇంకా పోలేదు, దాంతో జనం పసరు వైద్యానికి పోతున్నారు. మంద దగ్గర నీతో ఉండేవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పు. చొల్లు కారే పశువు నోట్లో ఎవరూ ఒట్టి చెయ్యి పెట్టవద్దని కూడా.

కాటు పడగానే మొట్టమొదట చేయాల్సింది ఒక్కటే: పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగాలి, మనసుకు పదిహేను అనిపించేది నిజానికి మూడే ఉంటుంది. కారం, సున్నం, పసుపు, వాతలు ఏవీ వద్దు. కుట్లు వెంటనే వేయించుకోవద్దు. మందలో నీళ్ళ క్యానుతోపాటు ఒక సబ్బుబిళ్ళ ఎప్పుడూ ఉండాలి.

నువ్వూ, నీ కాపరులిద్దరూ కాటు పడకముందే టీకా వేయించుకోండి. 0, 7, ఆ తర్వాత 21 లేదా 28వ రోజు, మొత్తం మూడు. అలా వేయించుకున్నవాళ్ళకు రేపు కాటు పడితే 0, 3 రోజుల్లో రెండు సూదులతో సరిపోతుంది, విషాన్ని అణచడానికి గాయం చుట్టూ వేసే సీరం అవసరం రాదు. అడవి అంచున తిరిగేవాళ్ళకు ఇంతకన్నా మంచి కాపలా లేదు.

అసలు పని మాత్రం మంద కుక్కల దగ్గరే ఉంది. మన దేశంలో రేబిస్‌ను నిలబెట్టేది ఊరి కుక్కలే, నక్కలకూ తోడేళ్ళకూ చాలావరకు వాటి నుంచే అంటుకుంటుంది. నీ కుక్కలన్నిటికీ ఏటా టీకా వేయించు, ఆడకుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించు. అప్పుడు ఇలాంటి కూనల బెడదే ఉండదు. చచ్చిన గొర్రెపిల్లలను చేను చివర విసిరేయడం ఈ రోజు నుంచి మానేయి. కుక్క, నక్క, తోడేలు మూతులు కలిసేది ఆ కళేబరం దగ్గరే. లోతుగా గొయ్యి తీసి పూడ్చు. పిచ్చిదని అనుమానమున్న జంతువు చస్తే తల చితక్కొట్టనివ్వకు, పరీక్షకు మెదడే కావాలి. ఒట్టి చేత్తో ముట్టుకోకుండా పశువైద్యుడికి, అటవీ శాఖకు కబురు పెట్టు.

పాప చీటీ తీసి చూడు. నెత్తురు వచ్చిన కాటు కాబట్టి గాయం చుట్టూ సీరం వేసి ఉండాలి. చీటీలో ఆ మాట లేకపోతే అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకురా, మొదటి సూది నుంచి ఏడు రోజులు దాటితే ఆ సీరం వేయరు. చర్మంలో వేసే సూదులే కదా, మొదటిది సోమవారం అయింది కాబట్టి రెండోది ఈ గురువారం, మూడోది వచ్చే సోమవారం, చివరిది ఇరవై ఎనిమిదో రోజు, అదీ సోమవారమే. గురువారం మంద పని ఎంత ఉన్నా నువ్వే తీసుకెళ్ళు. వేయించాక నాకు ఫోను చెయ్యి, ఎదురుచూస్తూ ఉంటాను.

మీ మామయ్య