నాన్నని మిచిగన్ సరస్సు మీద చేపలవేటకి తీసుకెళ్ళే ముందు

చిరంజీవి చిన్నోడికి,

మీ బాబాయి ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. జులైలో అన్నయ్య వచ్చినప్పుడు పడవ మాట్లాడి చేపలవేటకి తీసుకెళ్తానని నువ్వు ఫోన్‌లో చెప్పగానే నాకు కైకలూరు గుర్తొచ్చింది. చిన్నప్పుడు మోకాలి లోతు కొల్లేటి నీళ్ళలో మీ నాన్న ఊత వేసి, పైనుంచి చెయ్యి పెట్టి తడిమి, చూడకుండానే అది కొరమీనో జెల్లో చెప్పేసేవాడు. నేను గట్టు మీద బుట్ట పట్టుకుని నిలబడేవాణ్ణి. అలాంటి మనిషికి ఈ సరస్సు చూపించాలనుకున్నావు చూడు, ఆ మాటకే నా కడుపు నిండింది. ముప్ఫై ఏళ్ళుగా మిల్వాకీలో ఉండి ఏటా వెళ్తున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

మీ నాన్నకి సరస్సంటే కొల్లేరే. పడవ ఆగిపోతే దిగి నడిచి రావచ్చు అనుకునే మనిషి. ఇది అలాంటిది కాదని ముందే చెప్పు. 58,000 చదరపు కిలోమీటర్ల నీళ్ళు. అవతలి ఒడ్డు కనపడదు. లోతు కొన్నిచోట్ల 280 మీటర్లు. ఇక్కడి అల సముద్రపు అలలాగా సాగి సాగి రాదు. పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి ఊపిరి తీసుకోనివ్వకుండా వస్తుంది. నాలుగడుగుల అలే కదా అని ఒడ్డున నిలబడి అనుకుంటాం. పడవలో నిలబడ్డప్పుడు తెలుస్తుంది.

అందుకే పడవ కంటే ముందు కెప్టెన్‌ని చూసుకో. ఇంజిన్ ఎంత పెద్దది, గోడ మీద ఎన్ని ఫొటోలున్నాయి అన్నది తర్వాత సంగతి. "గాలి బాగాలేకపోతే ఏం చేస్తారు?" అని ఫోన్‌లో అడుగు. "ముందురోజు రాత్రి నేనే ఫోన్ చేసి రద్దు చేస్తాను, అడ్వాన్సు వెనక్కిస్తాను, లేదా ఇంకో రోజు ఇస్తాను" అని తడుముకోకుండా చెప్పాలి. "ఏం పర్లేదు, మేం ఎలాంటి గాలిలోనైనా వెళ్తాం" అన్నవాడి పడవ ఎక్కొద్దు. చాలావరకు ఇవి ఆరుగురు ఎక్కే పడవలే. కెప్టెన్‌కి కోస్ట్ గార్డ్ లైసెన్సు ఉండాలి. అది అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నేనే తప్పు చేశాను. మీ పిన్ని తమ్ముడు విజయవాడ నుంచి వచ్చాడు. అతనికి ఉన్నది ఒక్క శనివారం. ఎప్పుడూ వెళ్ళే కెప్టెన్ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, తూర్పు గాలి లేస్తోంది, రేపు వద్దు అన్నాడు. నేను బతిమాలాను, వినలేదు. అప్పుడు నేనేం చేశాను? ఇంకో పడవవాణ్ణి పట్టుకుని, డబ్బులు ఎక్కువిస్తానని ఒప్పించాను. గంట తిరక్కుండానే అందరం వాంతులు. మా బావమరిది రైలింగ్ కోసం చెయ్యి చాపి, తడి డెక్ మీద జారి, మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఒడ్డుకి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ అతను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ. ఆ పడవవాణ్ణి నేనేమీ అనను, వెళ్దామని వెంటపడింది నేను.

ఇక్కడ పాతవాళ్ళు 1967 సెప్టెంబరు 23 గురించి ఇప్పటికీ చెబుతారు. అవతల మిచిగన్ రాష్ట్రం వైపు ప్లాట్ బే దగ్గర కోహో అనే సాల్మన్ చేపలు విరగబడి వస్తున్నాయని వందలాది చిన్న పడవలు నీళ్ళలోకి దిగాయి. గాలి వస్తుందన్న హెచ్చరిక ఉన్నా దిగాయి. ఏడుగురు పోయారు. కాబట్టి కెప్టెన్ వద్దంటే మీ నాన్న ఇండియా నుంచి వచ్చాడనీ, సెలవు దొరకదనీ వాదించకు. ఇక్కడ మిల్వాకీ ఉన్న మన విస్కాన్సిన్ వైపు, అంటే పడమటి ఒడ్డున, పడమటి గాలి అయితే ఒడ్డు దగ్గర నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, తూర్పు గాలి అయితే అల పెరుగుతుంది. ఒడ్డు దగ్గరి నీళ్ళలో గాలీ అలలూ ఎలా ఉంటాయో వాతావరణ శాఖ వాళ్ళు ఇచ్చే సూచన ముందురోజు నువ్వూ చూసుకో.

లైసెన్సు సంగతి. పడవ కెప్టెన్‌దైనా గాలం మీది, కాబట్టి పదహారేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ విస్కాన్సిన్ లైసెన్సు కావాలి. నీ ఇల్లినాయ్ లైసెన్సు ఇక్కడ చెల్లదు. రెండు రోజులకి గ్రేట్ లేక్స్ లైసెన్సు విడిగా దొరుకుతుంది, మీ ముగ్గురికీ అదే తీసుకో.

ముందురోజు రాత్రి చెయ్యాల్సినవి ఉన్నాయి. వికారం మాత్ర తెల్లవారుజామున పడవలో కళ్ళు తిరుగుతున్నప్పుడు వేసుకుంటే పనిచెయ్యదు. రాత్రే ఒకటి, బయల్దేరే గంట ముందు ఒకటి. అయితే మీ నాన్నకి ప్రోస్టేట్ మందులు నడుస్తున్నాయి కదా, ఆ మాత్రలు అందరికీ పడవు. కంటిలో నీటి ఒత్తిడి ఉన్నవాళ్ళకి కూడా జాగ్రత్త. వాళ్ళ డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకు. పొద్దున ఖాళీ కడుపుతో ఎక్కించకు, నూనె సరుకూ పెట్టకు. రెండు ఇడ్లీలు చాలు. కడుపులో తిప్పితే కేబిన్ లోపలికి వెళ్ళి పడుకోనివ్వకు, బయట కూర్చుని నీళ్ళూ ఆకాశం కలిసే గీత వైపు చూస్తూ ఉండమను. జులై అని చొక్కాతో వస్తాడు. నాలుగున్నరకి రేవులో వణుకు పుడుతుంది. స్వెటరూ, గాలి లోపలికి పోని కోటూ, అడుగు నల్లమరకలు వెయ్యని బూట్లూ తీసుకెళ్ళు. లైఫ్ జాకెట్ వేసుకోమంటే "నాకు ఈత రాదనుకున్నావా" అంటాడు. ఆ నీళ్ళ చల్లదనంలో కొల్లేటి ఈత పనికిరాదని చెప్పి వేయించు.

అరటిపళ్ళు మాత్రం పట్టుకెళ్ళొద్దు. పడవలో అరటిపండు ఉంటే చేప పడదని వీళ్ళ నమ్మకం, చాలామంది కెప్టెన్లు నిజంగానే పట్టించుకుంటారు. మనం బండి తియ్యడానికి నిమ్మకాయలు పెట్టినట్టే అనుకో. వాళ్ళ పడవలో వాళ్ళ నమ్మకాన్ని గౌరవిద్దాం.

ఇక అసలు వేట. ఇక్కడ ఒకచోట ఆగి గాలం వేసి కూర్చోరు. మనిషి నడిచినంత వేగంతో పడవ పోతూనే ఉంటుంది. వెనకా పక్కలా కలిపి పదీ పన్నెండు రాడ్లు. సాల్మన్‌కి చల్లటి నీళ్ళు కావాలి, సుమారు పన్నెండు డిగ్రీలు. ఎండాకాలంలో ఆ చల్లదనం పైన దొరకదు, లోతుకి దిగిపోతుంది. అందుకని అయిదు కిలోల సీసపు గుండు ఉక్కు తీగకి కట్టి కిందికి దింపుతారు, మన లైను ఆ తీగకి ఒక క్లిప్పుతో పట్టి ఉంటుంది. రాడ్ విల్లులా వంగి ఉంటుంది. చేప కొట్టగానే క్లిప్పు ఊడుతుంది, రాడ్ ఒక్కసారి నిటారుగా లేస్తుంది. ఆ క్షణం అది చేప పోయినట్టే కనిపిస్తుంది, కానీ అప్పుడే పట్టుకుందన్నమాట. వెంటనే మళ్ళీ వంగి రీలు కీచుమని అరుస్తుంది.

కింగ్ సాల్మన్ అయితే వంద అడుగులు, రెండు వందల అడుగులు లైను లాక్కుపోతుంది. అది లాగుతున్నప్పుడు రీలు తిప్పకూడదు. అందరూ చేసే తప్పు ఇదే. పోనివ్వాలి. ఆగినప్పుడు రాడ్ నెమ్మదిగా పైకెత్తాలి, దించుతూ దించుతూ తిప్పాలి. లైను ఎక్కడా వదులు కాకూడదు. చివర్లో పడవ దగ్గరికి వచ్చి చేప మనని చూస్తుంది, చూడగానే ఇంకోసారి పరిగెడుతుంది. చాలా చేపలు అక్కడే పోతాయి. వలతో మేట్, అంటే కెప్టెన్‌కి సాయంగా ఉండే మనిషి, వంగినప్పుడు మీ నాన్నని ఒక అడుగు వెనక్కి వెయ్యమను, రాడ్ తల మీదికి ఎత్తమను. మొదటి రాడ్ ఆయనదే అని రేవులోనే అందరికీ చెప్పు. ఆయన చేతిలో ఉన్నప్పుడు సాయం చేద్దామని నువ్వు రాడ్ మీద చెయ్యి వెయ్యకు. చేతులు నొప్పి పుట్టనీ, పావుగంట పట్టనీ.

చేప పైకొచ్చాక నోరు తెరిచి చిగుళ్ళు చూపించు. నల్లగా ఉంటే కింగ్, తెల్లగా ఉంటే కోహో. మీ నాన్న తప్పకుండా అడుగుతాడు, "ఇది ఈ నీళ్ళదేనా?" అని. కాదు. ఇక్కడి సొంత చేప లేక్ ట్రౌట్. మితిమీరిన వేటా, కాలువల గుండా వచ్చిన లాంప్రే అనే రక్తం పీల్చే జలగలాంటి చేపా కలిసి దాన్ని దాదాపు తుడిచిపెట్టేశాయి. తినేవాడు లేక ఎల్‌వైఫ్ అనే బయటి చిన్నచేప లెక్కలేనంత పెరిగి, 1967లో గుట్టలు గుట్టలుగా చచ్చి ఒడ్డున పడింది. అలా పెరుగుతున్న దాన్ని తినడానికే అంతకు ముందేడు 1966లో కోహోనీ, మరుసటేడు కింగ్‌నీ పసిఫిక్ వైపు నుంచి తెచ్చి వదిలారు. కొల్లేటి సంగతులు చూసినవాడు కాబట్టి ఈ కథ మీ నాన్నకి మనకన్నా బాగా అర్థమవుతుంది.

తినే దగ్గర నా మాట తప్పకుండా విను. పీసీబీలనే రసాయనాలు 1979లోనే నిషేధించినా ఈ నీళ్ళలో ఇంకా ఉన్నాయి. అవి చేప కొవ్వులో చేరతాయి, ఉడికిస్తే పోవు. పెద్ద చేపలో, ముసలి చేపలో ఎక్కువ. మనవాళ్ళకి తలకాయ పులుసంటే ప్రాణం, మేట్‌ని అడిగి తల ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. పెద్ద కింగ్ తలా, పొట్ట కొవ్వూ పులుసులో వేస్తే ఆ కొవ్వంతా పులుసులోకే దిగుతుంది, మనం దాన్నే అన్నంలో కలుపుకుంటాం. కాబట్టి తల వద్దు. పొట్ట భాగం, వీపు మీది కొవ్వు, పక్కన నల్లటి చార, తోలు, అన్నీ తీయించు. పెద్దదాన్ని కొవ్వు కారిపోయేలా నిప్పుల మీద కాల్చుకోండి. పులుసుకి చిన్న కోహో. కోడలికి అయిదో నెల కదా, ఏ చేప ఎంత తినొచ్చో విస్కాన్సిన్ వాళ్ళు గర్భిణులకి విడిగా చెప్పిన లెక్క ఉంది, అది చూసే పెట్టండి. మొహమాటపడి ఎక్కువ తినేస్తుంది, నువ్వే చూసుకోవాలి.

మేట్‌కి పడవ కిరాయి మీద పదిహేను నుంచి ఇరవై శాతం టిప్పు ఇక్కడి పద్ధతి. చేప పడకపోయినా ఇవ్వాలి, పొద్దున మూడింటికి లేచింది వాడే. చేపలు కోసివ్వడం కిరాయిలో కలిసిందో లేదో ముందే అడుగు. ఐస్‌బాక్సు పడవలోకి ఎక్కించకు, కారులో ఉంచు.

మీ పిన్ని చింతపండు ఊరినుంచి తెప్పించింది. రేవు నుంచి నేరుగా మా ఇంటికే రండి, పులుసు సాయంత్రం పెడుతుంది, మర్నాడు తిందాం. ముందురోజు రాత్రి కెప్టెన్ ఫోన్ చేసి ఏం చెప్పాడో నాకు చెప్పు. ఎంత రాత్రయినా మేలుకుని ఉంటాను. వద్దంటే కూడా రండి. ఒడ్డున కుర్చీలేసుకుని అన్నయ్యకి ఆ అలలు చూపిద్దాం.

ఇట్లు,
మీ బాబాయి