కాలేజీలో మెరిసిన రిసీవర్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ మెరుస్తాడా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ లెక్కలు రిసీవర్ (విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) భవిష్యత్తును కొంతవరకే సూచిస్తాయి, హామీ మాత్రం ఇవ్వవు. కాలేజీలో అతన్ని అడ్డుకునే డిఫెండర్లలో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా చేరేవారు చాలా తక్కువ. పైగా కొన్ని జట్లు ఆటంతా పాస్‌ల (బంతి విసిరి అందించడం) మీదే నడుపుతాయి కాబట్టి అక్కడ ఓ మోస్తరు ఆటగాడికీ యార్డులు (బంతి అందుకుని జట్టుకు సంపాదించిన దూరం) కుప్పపడతాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనో, ప్రతి వారం ఏరి తెచ్చిన కార్నర్‌బ్యాకే (రిసీవర్‌ను కాచుకునే డిఫెండర్) ఎదురవుతాడు.

వెస్టర్న్ మిషిగన్‌లో 5,200కు పైగా యార్డులతో రికార్డు సృష్టించిన కోరీ డేవిస్‌ను 2017 డ్రాఫ్టులో (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వరసగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియ) 5వ ఆటగాడిగా తీసుకున్నారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మాత్రం అతను ఒక్క సీజన్‌లోనూ 1,000 యార్డులు అందుకోలేదు. 2020లో 984 దగ్గర ఆగిపోయాడు, పాపం. ఒహాయో స్టేట్‌లో మొత్తం కలిపి 1,251 యార్డులే చేసిన టెరీ మెక్‌లారిన్ 2020 నుంచి 2024 వరకు ఏటా వెయ్యి దాటాడు.

చాలామంది మొత్తం యార్డులనే ప్రతిభకు కొలమానంగా చూస్తారు. అంతకన్నా జట్టు పాస్ యార్డుల్లో రిసీవర్ వాటా ఎంత, అది ఏ వయసులో దక్కింది అన్నవే నమ్మదగిన గుర్తులు. అయినా మెక్‌లారిన్ లాంటివాడు ఆ జల్లెడలోంచీ జారిపోతాడు.