పక్షవాతం వచ్చినవారికి నోటితో నీళ్లు పట్టొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఐదు వారాలైంది. ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబ్‌తోనే ఆహారం పోస్తున్నాం. ఇప్పుడు పొట్టకు చిన్న రంధ్రం చేసి నేరుగా జీర్ణాశయంలోకి పెట్టే పెగ్ ట్యూబ్ వేయిద్దామంటున్నారు డాక్టర్లు. చూడ్డానికొచ్చిన చుట్టాలేమో రెండు చెంచాల నీళ్లయినా నోట్లో పొయ్యమంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ రెండు చెంచాల నీళ్లే పొయ్యకండి. మింగే పట్టు తప్పినవారికి అన్నిటికన్నా ప్రమాదం పల్చటి ద్రవాలతోనే. శ్వాసనాళం మూతపడేలోపే అందులోకి జారిపోతాయి. పక్షవాతం వచ్చినవారిలో కొందరికి పొలమారదు, దగ్గూ రాదు. నాలుగు రోజుల తర్వాత జ్వరం, ఆయాసం వస్తే గానీ ఊపిరితిత్తుల్లో నిమ్ము (న్యుమోనియా) చేరిందని తెలియదు.

ముక్కు పైపు నాలుగు నుంచి ఆరు వారాల వరకే సరైన ఏర్పాటు. ముందు, మాటతో పాటు మింగడాన్నీ చూసే స్పీచ్ థెరపిస్టుతో మింగే పరీక్ష చేయించండి. ఇంకా చాలాకాలం పట్టేలా ఉంటే పెగ్ మేలు. ముక్కు ఒరిసిపోదు, మాటిమాటికీ ఊడదు, మింగడం తిరిగొస్తే తీసేయవచ్చు. అయితే పెగ్ వేస్తే ఇక నిమ్ము రాదని మాత్రం అనుకోవద్దు. నోట్లో ఊరే లాలాజలం, పొట్టలోంచి ఎగదన్నే ఆహారం అప్పుడూ ఊపిరితిత్తుల్లోకి పోగలవు. అందుకే పైపు ఉన్నా రోజుకు రెండుసార్లు పళ్లు, నాలుక శుభ్రం చేయాలి. ఇళ్లలో ఎక్కువగా వదిలేసేది ఇదే.

పోసేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, అయ్యాక గంటసేపు అలాగే ఉంచండి. ముక్కు దగ్గర పైపు మీద పెట్టిన గుర్తు ప్రతిసారీ చూడండి. గుర్తు జరిగితే ఏమీ పొయ్యకుండా నర్సును పిలవండి. ఒక్కోసారి 200 నుంచి 250 మి.లీ. చాలు. సిరంజిని నెట్టకుండా, దానంతటదే దిగనివ్వండి. ముందూ వెనకా 30 మి.లీ. నీళ్లు పొయ్యకపోతే పైపు పూడుకుపోతుంది. వడగట్టని రాగిజావ మరీను! అది చల్లారేకొద్దీ చిక్కబడుతుంది కూడా. మాత్రలన్నీ నూరడానికి పనికిరావు. మెల్లగా కరిగేలా తయారుచేసినవి నూరితే మందంతా ఒక్కసారే పనిచేస్తుంది. వాటికి బదులు సిరప్ ఉందేమో అడగండి.

నోటితో తినొచ్చని థెరపిస్టు చెప్పినా, ఎంత చిక్కగా ఉండాలో వారినే అడగండి. సాధారణంగా మిక్సీలో మెత్తగా కొట్టిన పెరుగన్నం లాంటిదుంటుంది. చెంచా వంచితే ఒకే ముద్దగా జారిపడాలి. కారిపోతే పల్చన, అంటుకుపోతే మరీ గట్టి. సాంబారిడ్లీ ఇప్పుడే వద్దు. ఇడ్లీ నోట్లో ఉండగానే సాంబారు గొంతులోకి పారుతుంది.

ప్రశ్న: అమ్మమ్మకు మతిమరుపు వ్యాధి ముదిరింది. తినడం దాదాపు మానేసింది. పైపు వేయించకపోతే ఆకలితో మాడ్చినట్టవుతుందా?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: కాదు. ఈ దశలో పైపు ఆయుష్షు పెంచదు, నిమ్మునూ ఆపదు. పైపు లాగేసుకోకుండా చేతులు కట్టేయాల్సిన పరిస్థితి రావచ్చు. మెలకువగా ఉన్నప్పుడు కూర్చోబెట్టి, ఇష్టమైనది అరచెంచా చొప్పున పెట్టండి. తల తిప్పుకుంటే ఆపేయండి. పెదవులు ఎండితే తడిపి పిండిన దూదితో అద్దండి. తులసి తీర్థమైనా అలాగే.