మంట పట్టదని అమ్మిన చెక్క ఒక వానకే చెడితే

ప్రశ్న: ఇంటి బయటి గోడకు చెక్క పలకల తొడుగు వేయించాం. మొక్కల నుంచి తీసిన ఫైటిక్ ఆమ్లం, కైటోసాన్ అనే మందులతో మంట పట్టకుండా శుద్ధి చేశామనీ, యూరప్ ప్రమాణం ఈఎన్ 13501-1 ప్రకారం అగ్ని తరగతి ‘బి’ అనీ కరపత్రంలో రాశారు. ఒక వానాకాలం గడిచేసరికి పలకల మీద తెల్లటి పొడి, మేకుల చుట్టూ నల్లమరకలు వచ్చాయి. ముక్క కోసి లైటరు పెడితే అంటుకుంది. అమ్మినాయనేమో ‘అమ్మిననాడు తరగతి ఉంది, తర్వాతది మా పూచీ కాదు’ అంటున్నాడు. పరిహారం అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. ఏ చట్టం కింద, ఎంత గడువులో అన్నది దేశాన్ని బట్టి మారుతుంది గానీ, ఇలాంటి కేసు నిలిచేదీ పడేదీ ఒక్క మాట మీదే. ‘బయటి గోడకు’ అని మీరు కొనేముందు చెప్పినట్టు కాగితం మీద ఉందా? ఆర్డరు, కొటేషన్, చివరికి ఫోన్‌లో పంపిన మెసేజ్ అయినా సరే. అది ఉంటే, ఆ పనికి పనికొచ్చే సరుకు ఇవ్వాల్సిన బాధ్యత ఆయనదే. లేకపోతే ‘లోపలి గోడకనుకున్నాను’ అని తప్పించుకుంటాడు.

ఆ తేడా ఎందుకంత ముఖ్యమంటే, ఫైటిక్ ఆమ్లం నీళ్లలో ఇట్టే కరుగుతుంది. చెక్కలో సరిగా బిగుసుకోకపోతే వాన దాన్ని కడిగేస్తుంది. మీరు చూసిన తెల్లపొడి, లోపలి మందు తేమతో పాటు పైకొచ్చి ఆరిన లవణం కావచ్చు. యూరప్‌లో ఈ నిలకడను ఈఎన్ 16755 ప్రకారం విడిగా పరీక్షిస్తారు. పొడి గదికి ఐఎన్‌టీ1, తేమ ఉండే గదికి ఐఎన్‌టీ2, ఆరుబయటికి ఈఎక్స్‌టీ. కాబట్టి లిఖితపూర్వకంగా అడగాల్సిన మొదటి కాగితం ఈఎక్స్‌టీ నివేదిక. అందులో చెక్క జాతి, మందం, ఘనపు మీటరుకు ఎన్ని కిలోల మందు ఎక్కింది, పలక వెనక గాలిసందు ఎంత అన్నవి మీ గోడతో సరిపోలాలి. వడ్రంగి పలకల్ని నిలువునా చీల్చినా, చిత్రిక పట్టినా మందెక్కిన పొర పోతుంది. అప్పుడు బాధ్యత అటు మళ్లుతుంది, అతన్నీ విచారించండి.

లైటరు సాక్ష్యాన్ని పక్కన పెట్టండి. ‘బి’ అంటే అంటుకోదని కాదు, మంటకు తోడయ్యేది తక్కువని. ప్రయోగశాలలో చేసే చిన్నమంట పరీక్ష కూడా చాలదు. శుద్ధి చేయని మామూలు చెక్క సాధారణంగా ‘డి’ తరగతి, అదీ ఆ పరీక్ష నెగ్గేస్తుంది. మీకు కావాల్సింది పోలిక. వాన తగిలిన వైపు నుంచి, చూరు కింద తడవని చోటు నుంచి, మిగిలిపోయిన వాడని పలక నుంచి ముక్కలు తీసి, మండేటప్పుడు ఎంత వేడి వెలువడుతుందో కొలిచే ఐఎస్ఓ 5660-1 కోన్ పరీక్షకు (100 × 100 మిల్లీమీటర్ల నమూనాలు), ఫైటిక్ ఆమ్లంలో ఉండే భాస్వరం ఎంత మిగిలిందన్న రసాయన విశ్లేషణకు పంపండి. ముందుగా నోటీసిచ్చి, అవతలివాళ్ల ఎదుటే కోసి, సీలు మీద ఇద్దరూ సంతకాలు చేయండి. రాకపోతే రాలేదని రాసి, ఫొటోలు తీసి ముందుకు సాగండి. ఆలోగా రంగు వేయకండి, పలకలన్నీ పీకించకండి.

నల్లమరకల్ని ప్రధాన ఆరోపణ చేయకండి. చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థానికి ఇనుము తగిలినా అవే వస్తాయి, మీ మేకులదే తప్పంటారు. స్టెయిన్‌లెస్ మేకులే వాడాలని అమ్మకందారు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు అన్నంతవరకే పెట్టండి. అయితే ఆమ్లం చెక్క బలాన్నీ తినగలదు. 1980లలో అమెరికాలో అగ్నినిరోధక మందెక్కించిన పైకప్పు ప్లైవుడ్ ఎండ వేడికి ఆమ్లం పుట్టి పెళుసుబారి, వ్యాజ్యాల దాకా వెళ్లింది. మందు మొక్కలదైనంత మాత్రాన ఆమ్లం గుణం మారదు. వంపు బలం పరీక్ష కూడా చేయించండి.

‘మొక్కల నుంచి’ అన్న మాట మీకు అదనపు పట్టు. కైటోసాన్ సాధారణంగా రొయ్యల, పీతల పెంకులది. సరుకు జీవాధారితమని, అంటే జీవుల నుంచి వచ్చిందని, ఏఎస్‌టీఎం డీ6866 అనే పరీక్ష నివేదిక చూపితే, అది సేంద్రియ కర్బనాన్ని మాత్రమే లెక్కిస్తుందని గుర్తుంచుకోండి. బోరాక్స్, ఫాస్ఫేట్ లవణాలు ఎన్ని కలిపినా అందులో కనపడవు. పూర్తి మిశ్రమం వివరం అడగండి.

పరిహారంగా పలకల ధరతో ఆగకండి. విప్పే కూలీ, కొత్తవి బిగించే కూలీ, పరీక్షల ఖర్చు కలిపి అడగండి. నోటీసు అమ్మకందారుకూ తయారీదారుకూ విడివిడిగా, అందినట్టు రుజువుండేలా పంపండి. తెల్లపొడి మొదట చూసిన తేదీని అందులో రాయండి, గడువు లెక్క దానితో ముడిపడవచ్చు.