క్లచ్ సెట్టు మార్చినా పెడల్ బిగుతు తగ్గలేదు: సొమ్ము తిరిగి అడగవచ్చునా?

ప్రశ్న: మాది సింగరాయకొండ. రొయ్యల చెరువుల దగ్గరికి నేనే నడుపుకొని వెళ్లే పాత కారులో క్లచ్ పెడల్ బాగా గట్టిపడింది. నెల్లూరులో ఒక వర్క్‌షాపు వారు క్లచ్ సెట్టు మొత్తం మార్చి 14,500 రూపాయలు తీసుకున్నారు. బిల్లులో ‘క్లచ్ పని’ అని మాత్రమే రాశారు. పాత సామాను ఇవ్వలేదు. అయినా పెడల్ అలాగే ఉంది. తరువాత ఒంగోలు మెకానిక్ క్లచ్ కేబుల్ మార్చగానే తేలికైంది. నెల్లూరు వారిని డబ్బు తిరిగి అడిగితే, అరిగే సామానుకు గ్యారంటీ లేదంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: వారు చెప్పిన గ్యారంటీ మాట మీ ఫిర్యాదుకు వర్తించదు. వారు బిగించిన ప్లేటు అరిగిపోయిందని మీరు అనడం లేదు. లోపం ఎక్కడుందో చూడకుండా పెద్ద పని చేసి, అసలు ఇబ్బందిని అలాగే వదిలేశారని అంటున్నారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) ప్రకారం పని చేసిన తీరులోని ఇటువంటి కొరత సేవాలోపం కిందికి వస్తుంది. ఫిర్యాదును ఈ ఒక్క అంశం మీదే నిలబెట్టండి.

కేబుల్‌తో పనిచేసే క్లచ్‌లో పెడల్ బిగుసుకుంటే, గేర్‌బాక్సు దగ్గర ఫోర్కు లివర్ (కేబుల్ లాగితే కదిలి క్లచ్‌ను విడిపించే మీట) నుంచి కేబుల్‌ను విడదీసి పెడల్ నొక్కి చూస్తారు. అప్పటికీ గట్టిగా ఉంటే లోపం కేబుల్‌లోనో పెడల్ ఇరుసులోనో ఉన్నట్టు. తేలిగ్గా కదిలితే ఫోర్కు షాఫ్టు, రిలీజ్ బేరింగు, ప్రెషర్ ప్లేటు వైపు చూడాలి. గేర్‌బాక్సు దించక ముందే చేయగల ఈ పరీక్ష చేశారా, చేస్తే ఏమి తేలింది అని నోటీసులో సూటిగా అడగండి. అయితే క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటులోని స్ప్రింగు కోణం మారి పెడల్ బరువెక్కడం కూడా వాస్తవమే కనుక, రెండు లోపాలూ ఉన్నాయని ఎదుటి పక్షం వాదించవచ్చు. అది నిరూపణ అయితే మీకు కొంత సొమ్మే దక్కవచ్చు. కానీ అరిగిన ప్లేటును చూపవలసింది వారే; పాత సామాను ఇవ్వకపోవడం, బిల్లులో వివరం లేకపోవడం అప్పుడు వారికే అడ్డం వస్తాయి.

మీ దగ్గర పాత కేబుల్ ఉంటే పారవేయవద్దు. ఒంగోలు మెకానిక్ చేత తేదీ, కారు నంబరు, కిలోమీటర్ల రీడింగు, కేబుల్ స్థితి, మార్చిన తరువాత పెడల్ ఎలా ఉన్నదీ రాయించుకోండి. సాటి మెకానిక్ మీద కాగితం రాసివ్వడానికి చాలామంది వెనుకాడతారు కాబట్టి, జ్ఞాపకం తాజాగా ఉండగానే అడగడం మేలు. సెక్షన్ 38(6) ప్రకారం వినియోగదారుల కమిషన్ సాధారణంగా అఫిడవిట్లు, పత్రాల ఆధారంగానే విచారిస్తుంది. వీలైతే ఆయన అఫిడవిట్ కూడా జతచేయండి. డబ్బు చెల్లించిన రుజువు, వాట్సాప్ సందేశాలు దాచుకోండి.

వర్క్‌షాపుకు స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. అది చట్టం పెట్టిన షరతు కాదు గాని, మీరు ముందే అడిగారనడానికి రుజువు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి చూడవచ్చు. అక్కడా తేలకపోతే, సెక్షన్ 34(2)(డి) ఫిర్యాదుదారు నివసించే చోట దాఖలు చేయడానికి వీలు కల్పిస్తుంది కాబట్టి నెల్లూరు వెళ్లనవసరం లేదు, ఒంగోలులోని జిల్లా కమిషన్ సరిపోతుంది. ప్రతిఫలం, అంటే పనికి మీరు చెల్లించిన సొమ్ము, 5 లక్షల రూపాయల లోపు ఉన్నందున రుసుము లేదు. న్యాయవాది లేకుండానైనా మీరే వాదించుకోవచ్చు. సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు దాఖలుకు గడువు రెండేళ్లు.

కారు చెరువుల పనికి వాడుతున్నారు కనుక వాణిజ్య అవసరమనే అభ్యంతరం లేవవచ్చు. మీరే నడుపుకొంటూ స్వయం ఉపాధితో బతుకుతున్నారని ఫిర్యాదులోనే స్పష్టంగా రాయండి. స్వయం ఉపాధితో బతకడానికే వాడుకునే వస్తువులను వాణిజ్య అవసరం కింద లెక్కించని సెక్షన్ 2(7) వివరణ మీకు అండగా నిలవవచ్చు.

కోరవలసినవి 14,500 రూపాయలు, కారు నిలిచిపోయినందుకు రుజువున్న ఖర్చు, మితమైన పరిహారం. మానసిక వేదన పేరిట లక్షలు కోరితే మిగతా వాదన కూడా పలచబడుతుంది. కొత్త కేబుల్ ధర మాత్రం అడగకండి, అది ఎలాగూ మీరు పెట్టవలసిన ఖర్చే.